యాక్సిడెంట్ క్లెయిమ్ లాయర్లను నమ్మొచ్చా? ఆసుపత్రి మంచం నుంచి బ్యాంకు ఖాతా దాకా సమగ్ర మార్గదర్శి

మా బావ తాపీ మేస్త్రి. 2022 జూలైలో పని ముగించుకుని బండి మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. మూడో రోజు, ఇంకా ఆపరేషన్ కూడా కాకముందే, ఒకాయన ఫైలు పట్టుకుని నేరుగా వార్డులోకి వచ్చాడు. "టెన్షన్ పడకమ్మా, మీకు రూపాయి ఖర్చుండదు. వచ్చినదాంట్లో పాతిక శాతం మాకు, మిగతాదంతా మీకు" అని అక్కతో చెప్పి, సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే బావతో ఏడు సంతకాలు పెట్టించుకున్నాడు. నేను వెళ్లేసరికి ఆయన వెళ్లిపోయాడు. ఆ ఏడింటిలో రెండు ఖాళీ కాగితాలని అక్క చెప్పింది.

తర్వాత మూడేళ్లు ఆ కేసు కోసం కోర్టుకు నేనే తిరిగాను. ఇద్దరు లాయర్లను దగ్గర నుంచి చూశాను. లాయరుకు డబ్బు ఎప్పుడు, ఏ దారిలో చేతికొస్తుందో అర్థమైతే ఆయన మీద ఎక్కడ భారం వేయొచ్చో, ఎక్కడ మన కాగితాలు మనమే చూసుకోవాలో తెలిసిపోతుంది. అదే వరసలో చెప్తాను.

మొదటి అడుగు: లాయరుకంటే ముందు చేయాల్సినవి

యాక్సిడెంట్ అయిన వారంలో లాయరు లేకపోయినా కొంపలేమీ మునిగిపోవు. ఆ వారంలో పోలీసు, ఆసుపత్రి కాగితాలు తేడాగా తయారైతే మాత్రం తర్వాత ఎంత పెద్ద లాయరొచ్చినా సరిచేయడం కష్టం.

ముందు వైద్యం. 2025 మే నుంచి కేంద్ర ప్రభుత్వ నగదు రహిత చికిత్స పథకం అమల్లో ఉంది. రోడ్డు ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల పాటు, 1,50,000 రూపాయల దాకా వర్తిస్తుంది. ఆసుపత్రిలో చేర్చినప్పుడే దీని గురించి అడగండి. రోడ్డు ప్రమాదం కేసు అని ఆసుపత్రి రికార్డులో రాయించడం మర్చిపోవద్దు. "బండి మీద నుంచి పడ్డాడు" అని రాసి వదిలేస్తే రేపు ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఆ ఒక్క లైనే పట్టుకుంటాడు.

తర్వాత ఎఫ్ఐఆర్. ఫిర్యాదు ఇచ్చినవారికి కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోగానే నాలుగు విషయాలు చూడండి: గుద్దిన బండి నంబరు, ప్రమాదం జరిగిన చోటు, టైము, తప్పు ఎవరిదని రాశారో. మా ఎఫ్ఐఆర్‌లో లారీ నంబరులో ఒక అంకె తప్పు పడింది. పదో రోజునే స్టేషన్‌కి వెళ్లి చెప్పబట్టి ఛార్జిషీటులో సరైన నంబరు వచ్చింది.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, ప్రమాద పరిహారం కేసులు విచారించే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుల హక్కులేమిటో చెప్పే ఫారం 2ను పది రోజుల్లో మీ చేతికివ్వాలి. 90 రోజుల్లో పూర్తి వివరాల నివేదిక (డీఏఆర్) ట్రిబ్యునల్‌లో పెట్టాలి. దీన్ని కచ్చితంగా పాటించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఆదేశాలిచ్చింది. ఆ వివరాల నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకోవచ్చు. అందుకే స్టేషన్‌కి వెళ్లి "సార్, ఫారం 2 ఇచ్చారా? డీఏఆర్ ఎప్పుడు పంపుతున్నారు?" అని అడగండి. ఈ పేర్లు తెలిసిన మనిషితో మాట్లాడే తీరే మారిపోతుంది.

గడువు కూడా ముఖ్యమే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద పిటిషన్‌ను ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. "ఎప్పుడైనా వేసుకోవచ్చులే" అన్న పాతకాలం మాట నమ్మి కూర్చోవద్దు. అలాగని మూడో రోజే సంతకం పెట్టేయాల్సిన పనీ లేదు. రెండు మూడు వారాలు విచారించి, మంచి లాయరును చూసుకునేంత టైము ఉంది.

రెండో అడుగు: లాయరుకు డబ్బు ఎలా వస్తుందో తెలుసుకోండి

మన దగ్గర ఈ కేసులు ఎక్కువగా పర్సంటేజీ మీదే నడుస్తాయి. పది శాతం అడిగేవాళ్లున్నారు, ముప్పై అడిగేవాళ్లూ ఉన్నారు. చాలామందికి తెలియని సంగతేమిటంటే ఇది రూల్స్‌కు విరుద్ధం. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదనీ, వచ్చే డబ్బులో వాటా తీసుకోకూడదనీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో స్పష్టంగా ఉంది. పని కోసం ప్రకటనలివ్వడం, మనుషుల్ని పంపి కేసులు పట్టుకోవడం కూడా నిషిద్ధమే. అంటే వార్డులోకి ఏజెంటును పంపిన లాయరు మొదటి రోజే రూలు తప్పినట్టు.

తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మహిళకు పరిహారం వచ్చింది. అందులో శాతం లెక్కన ఫీజు అడిగిన లాయరు ఆమె దగ్గర చెక్కు తీసుకుని, అది బౌన్సయిందని ఆమె మీదే కేసు పెట్టాడు. సుప్రీంకోర్టు ఆ చెక్ బౌన్స్ కేసును కొట్టేసింది. పరిహారంలో శాతం లెక్కన ఫీజు కట్టమనడం ప్రజా విధానానికి విరుద్ధమని చెప్పింది.

అమెరికాలో ఉండే మన చుట్టాలు "ఇక్కడ మూడో వంతు మామూలేగా" అంటారు. అక్కడ అది చట్టబద్ధం. ఒప్పందం రాతలో ఉండాలి, మనిషి సంతకం ఉండాలి. ఆ లెక్క ఇక్కడికి తెచ్చుకోకూడదు.

అయినా పర్సంటేజీ ఎందుకు నడుస్తోందంటే, కాలు విరిగి మంచాన ఉన్న కూలీ ముందుగా ఫీజు ఎక్కడి నుంచి తెస్తాడు? టైపింగు ఖర్చు, సాక్షిగా వచ్చే డాక్టరు ఖర్చు తన జేబులోంచే పెట్టుకుని రెండు మూడేళ్లు ఆగే లాయర్లు చిన్న ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లందరినీ దొంగలనడం అన్యాయం. కానీ పర్సంటేజీ వల్ల లాయరు మనసు ఎటు లాగుతుందో లెక్క వేసి చూడండి.

మాకు మొదటి లాయరు తెచ్చిన బేరం 5,50,000 రూపాయలు, లోక్ అదాలత్‌లో రాజీ. అందులో పాతిక శాతమంటే ఆయనకు 1,37,500, అదీ కొద్ది నెలల్లోనే. ఆ తర్వాత రెండేళ్లు పోరాడితే ఆదాయ నష్టం కిందే 13,23,000 వచ్చింది. దాని మీద పాతిక శాతం వేసుకున్నా ఆయనకు అదనంగా దక్కేది 1,93,250. దానికోసం ఎన్నో వాయిదాలు తిరగాలి, డాక్టర్ని బోనెక్కించాలి. అదే మాకైతే తేడా 5,79,750. ఆయనకు త్వరగా తేల్చుకోవడం లాభం, మాకు ఆగడం లాభం. మనిషి మంచివాడైనా ఈ లాగుడు తప్పదు. అందుకే "సెటిల్ చేసుకుందాం" అన్న మాట వినపడిన ప్రతిసారీ ముందు లెక్క అడగండి.

మూడో అడుగు: లాయరును ఎంచుకోవడం

మీ జిల్లా కోర్టులో క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఏ హాల్లో కూర్చుంటుందో కనుక్కుని, ఒక పూట వెనక బెంచీ మీద కూర్చోండి. ఎవరు సాక్షిని బాగా అడుగుతున్నారో, ఎవరు ప్రతిసారీ "వాయిదా ఇప్పించండి" అంటున్నారో గంటలో తెలుస్తుంది. మా రెండో లాయరు గారిని అలాగే పట్టుకున్నాం. ఆవిడ ఒక డాక్టరును "ఈయన పరంజా ఎక్కగలరా? ఇటుకల తట్ట మోయగలరా?" అని అడుగుతుంటే విని, బయట ఆగి మాట్లాడాను.

పిటిషన్ ఎక్కడ వేయాలన్నది కూడా మీ చేతిలో ఉంది. ప్రమాదం జరిగిన చోటైనా, మీరు నివసించే చోటైనా, ఎదుటి పక్షం ఉండే చోటైనా వేయొచ్చు. దూరపు ఊరి లాయరు తన కోర్టులోనే వేద్దామంటే, ప్రతి వాయిదాకీ వెళ్లే బస్సు ఖర్చు మీదేనని గుర్తుంచుకోండి.

మాట్లాడేటప్పుడు ఇవి అడగండి. ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఎంత? కేసు మీరే నడుపుతారా, జూనియర్‌కు ఇస్తారా? నా కేసులో ఆదాయం ఎలా రుజువు చేస్తారు? డాక్టర్ని సాక్షిగా పిలుస్తారా? చివరి రెండు ప్రశ్నలకు గడగడా జవాబు చెప్పే లాయరుకు ఈ పని తెలుసు. "అవన్నీ మేం చూసుకుంటాం" అంటే ఇంకొకరిని చూడండి. "పాతిక లక్షలు గ్యారంటీ" అంటే లేచి వచ్చేయండి.

డబ్బు లేదని ఆగిపోవద్దు. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా సరే. ఈ దారి ముందే తెలిసుంటే మేం ఆ ఏడు సంతకాలు పెట్టేవాళ్లమే కాదు.

నాలుగో అడుగు: సంతకాలు

వకాలత్ అంటే మీ తరఫున కోర్టులో నిలబడే అధికారం. మీకు రావాల్సిన డబ్బును సొంతానికి వాడుకునే అధికారం దాంతో రాదు. వకాలత్, పిటిషన్, దానికి జతచేసిన అఫిడవిట్ చదివాక, లేదా చదివించుకున్నాక సంతకం పెట్టండి. పిటిషన్‌లో వయసు, వృత్తి, ఆదాయం మీరే చూడండి. మా మొదటి పిటిషన్‌లో బావ వృత్తి "కూలీ" అని ఉంది. తాపీ మేస్త్రికీ కూలీకీ రోజు కూలిలో ఎంత తేడానో ఇల్లు కట్టించిన వాళ్లందరికీ తెలుసు.

ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. బ్యాంకు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు ఎవరికీ అప్పగించకండి. ఖాతాకు లింకయ్యే ఫోన్ నంబరు మీ ఇంట్లోవాళ్లదే ఉండాలి. "మీకెందుకు శ్రమ, కొత్త ఖాతా మేమే తెరిపిస్తాం" అన్న చోట ఈ నంబరే మారిపోతుంది.

ఫీజు ఇంతని మొత్తంగా మాట్లాడుకుని కాగితం మీద రాయించుకోండి. రెండో లాయరు గారితో మేం 40,000కు, మూడు విడతలుగా మాట్లాడుకున్నాం. ఖర్చులు వేరే. ప్రతిసారీ ఫోన్‌పే ద్వారానే పంపాం, రుజువు ఉంటుందని.

ఐదో అడుగు: పరిహారం లెక్క మీరే వేసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. పరిహారం జడ్జిగారి దయను బట్టి వచ్చేది కాదు. 2009, 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులతో దానికో లెక్క ఏర్పడింది. ఐదో తరగతి గుణకారాలు వస్తే చాలు.

బావ వయసు అప్పటికి 38. నెల ఆదాయం 15,000 అనుకుంటే ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్లలోపైతే భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు (40 నుంచి 50 మధ్య 25 శాతం, 50 నుంచి 60 మధ్య 10 శాతం, పర్మినెంటు ఉద్యోగులకు ఇవి 50, 30, 15). కలిపితే 2,52,000. దాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. 36–40 ఏళ్లకు గుణకం 15. అంటే 37,80,000. ఇందులో పని చేసే శక్తి ఎంత శాతం పోయిందో అంత ఇస్తారు. 35 శాతం అనుకుంటే 13,23,000. దీనికి ఆసుపత్రి బిల్లులు, నొప్పి బాధ, తోడు ఉన్న మనిషి ఖర్చు, తిండి, రానుపోను ఖర్చులు అదనం. మొత్తం మీద పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ.

ఇప్పుడు ఆదాయానికి రుజువు లేదని ట్రిబ్యునల్ నెలకు 9,000 మాత్రమే లెక్కేసిందనుకోండి. అదే గుణకారంలో 7,93,800 వస్తుంది. ఒక్క రుజువు లేకపోతే 5,29,200 పోయినట్టే.

మరి జీతం స్లిప్పు లేని మేస్త్రికి రుజువేమిటి? లాయరు గారు ఇదే అడిగారు. "శనివారం కూలి ఇచ్చేటప్పుడు కాంట్రాక్టరు ఎక్కడైనా రాస్తాడా?" రాస్తాడు. అట్ట చిరిగి, సిమెంటు మరకలు పడ్డ చిన్న గీతల పుస్తకం. ఒక్కో పేజీలో ఆరుగురి పేర్లు, రోజుకో టిక్కు, చివర ఇచ్చిన మొత్తం, పక్కన బావ పొట్టి సంతకం. పద్నాలుగు నెలలది దొరికింది. కాంట్రాక్టరు వచ్చి బోనులో నిలబడి ఇది నా చేతిరాతే అని చెప్పాడు. ఎదుటి లాయరు అరగంట అడిగినా కదల్లేదు. తీర్పులో నెలకు 15,000గా తీసుకున్నారు. ఆటో నడిపేవాళ్లయితే ఈఎంఐ కట్టిన స్టేట్‌మెంటు, పాలు పోసేవాళ్లయితే డెయిరీ పుస్తకం, కౌలు రైతులైతే మార్కెట్ యార్డు రసీదులు... ఇల్లంతా వెతకండి.

మనిషి చనిపోయిన కేసులో లెక్క కొంచెం మారుతుంది. ఆ మనిషి సొంత ఖర్చు కింద, ఆధారపడినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు, అంతకంటే ఎక్కువైతే ఐదో వంతు తీసేస్తారు. పెళ్లికాని వ్యక్తి అయితే సాధారణంగా సగం. గుణకాలు ఇవి: 15–25 ఏళ్లకు 18, 26–30కి 17, 31–35కి 16, 36–40కి 15, 41–45కి 14, 46–50కి 13, 51–55కి 11, 56–60కి 9, 61–65కి 7, ఆపైన 5. నెలకు 15,000 సంపాదించే 32 ఏళ్ల మనిషి భార్య, ఇద్దరు పిల్లలు, తల్లిని వదిలి పోతే ఈ లెక్కన 30,24,000 అవుతుంది. దీనిపైన దహన ఖర్చులు, కుటుంబం కోల్పోయిన తోడు కింద విడిగా ఇస్తారు. పిటిషన్‌లో అడిగినదానికంటే లెక్కలో ఎక్కువ తేలితే ట్రిబ్యునల్ ఎక్కువ కూడా ఇవ్వొచ్చు.

గుద్దిన బండి దొరకకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2,00,000, తీవ్ర గాయానికి 50,000 వస్తుంది.

ఆరో అడుగు: కేసు నడుస్తున్నప్పుడు

పిటిషన్ వేశాక ఎంవీఓపీ నంబరు (కోర్టులో మీ క్లెయిమ్ కేసు నంబరు) ఇస్తారు. నంబరు చెప్పని లాయరు ఇంకా పిటిషన్ వేయలేదనే అనుకోండి. మాకు నాలుగు నెలలు "వేశామమ్మా, నడుస్తోంది" అన్నారు. ఈ-కోర్ట్స్ యాప్‌లో చూస్తే పిటిషన్ పడింది అంతకు ముందు వారమే. సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) అడిగి తీసుకుంటే ప్రతి వాయిదా, ఆరోజు ఏం జరిగిందీ మీ ఫోన్లోనే కనిపిస్తుంది. లాయరుకు ఊరికే ఫోన్ చేసి విసిగించే పనీ తప్పుతుంది.

గాయాల కేసుకు ప్రాణం డాక్టరు సాక్ష్యం. వైకల్యం సర్టిఫికెట్ ఫైల్లో పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. దాన్నిచ్చిన డాక్టరు వచ్చి చెప్పకపోతే దాని విలువ బాగా తగ్గుతుంది. కాలికి 45 శాతం అని సర్టిఫికెట్లో ఉన్నంత మాత్రాన సంపాదనలో 45 శాతం పోయినట్టు కాదు. గుమస్తాకు తక్కువ పోవచ్చు, మేస్త్రికి ఎక్కువ పోవచ్చు. ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. డాక్టర్ని పిలిపించకుండా కేసు ముగిస్తామంటే ఎందుకని గట్టిగా అడగండి.

డ్రైవరుకు లైసెన్సు లేదని ఇన్సూరెన్స్ కంపెనీ వాదిస్తే భయపడిపోవద్దు. ముందు బాధితుడికి కంపెనీ కట్టి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చాలా కేసుల్లో చెప్పాయి.

లేని సాక్షిని, జరగని ప్రమాదాన్ని, దొంగ బిల్లులను ఎవరైనా సలహా ఇస్తే ఆ రోజే ఫైలు వెనక్కి తీసుకోండి. ఉత్తరప్రదేశ్‌లో నకిలీ క్లెయిమ్‌ల మీద అలహాబాద్ హైకోర్టు ఆదేశంతో ప్రత్యేక దర్యాప్తు బృందమే ఏర్పడింది. అలాంటి కేసులు బయటపడితే సంతకం పెట్టినవాళ్లూ ఇరుక్కుంటారు.

ఏడో అడుగు: లోక్ అదాలత్

రాజీ చెడ్డదేమీ కాదు. బండి నంబరు మీద అనుమానం, తప్పులో మనవాడి పాలు కూడా ఉండటం, సాక్షి లేకపోవడం, ఇంట్లో అప్పు వడ్డీ పెరిగిపోవడం లాంటివి ఉంటే రాజీయే మేలు. కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. కానీ లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. సంతకం పెడితే అంతే. అందుకని ఐదో అడుగులో వేసిన లెక్క కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి. లెక్కకూ బేరానికీ ఎందుకంత తేడానో లాయరును వివరించమనండి. కారణం సరైనదైతే చెప్పగలరు. మా మొదటి లాయరు చెప్పలేదు. "ఇది కూడా పోతుంది, ఆలోచించుకోండి" అన్నాడు. అక్క ఆ రోజు సంతకం పెట్టనివ్వలేదు.

ఎనిమిదో అడుగు: లాయరును మార్చాల్సి వస్తే

మార్చుకోవడం మీ హక్కు. కొత్త వకాలత్ మీద పాత లాయరు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇవ్వనంటే కోర్టు అనుమతి అడగొచ్చు. ఫీజు బాకీ ఉందని మీ ఫైలు ఆపే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. బాకీ ఉంటే విడిగా వసూలు చేసుకోవాలి. మేం ఈ మాట మర్యాదగా, రాతలో చెప్పాం. వారంలో ఫైలు వచ్చింది, ఖాళీ కాగితాలు రెండూ అందులోనే ఉన్నాయి. అక్కడే చింపేశాం.

మోసం జరిగితే అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. ఏడాదిలో తేల్చకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్తుంది. వినియోగదారుల ఫోరానికి వెళ్లి లాభం లేదు. లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు కాజేస్తే అది నేరం, పోలీసు ఫిర్యాదు వేరేగా ఇవ్వొచ్చు.

తొమ్మిదో అడుగు: డబ్బు ఖాతాలో పడేదాకా

ఎక్కువ మోసాలు ఇక్కడే జరుగుతాయి. తీర్పు కాపీ మీరే తీసుకోండి. ఎంత వచ్చింది, వడ్డీ ఎంత, ఎవరి పేరున ఎంత, ఎంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమన్నారో అందులో ఉంటుంది. పిల్లల వాటా మేజర్లయ్యేదాకా డిపాజిట్‌లో ఉంచడం మామూలే, అది వాళ్ల మంచికే. పరిహారం నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలోకి బదిలీ చేయాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో అన్ని ట్రిబ్యునళ్లకూ చెప్పింది. కాబట్టి మీ ఖాతా వివరాలు, ఆధార్, పాన్ కాపీలు పిటిషన్‌తో పాటే రికార్డులో పెట్టించండి. కంపెనీ కట్టాక డబ్బు తీసుకోవడానికి చెక్ పిటిషన్ వేయాలి. ఆ రోజు మీరే కోర్టుకు వెళ్లండి.

తీర్పు తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయొచ్చు. కంపెనీ కూడా చేయొచ్చు. మా కేసులో ఎవరూ వెళ్లలేదు. గడువు దాటాక ఒరిజినల్ కాగితాలు తిరిగిమ్మని పిటిషన్ వేస్తే కోర్టు కాపీలు ఉంచుకుని అసలువి ఇచ్చేస్తుంది. ఎక్స్‌రేలు, బిల్లులు తెచ్చుకున్నాం. కూలి పుస్తకం కాంట్రాక్టరుది కనుక బావే చేతికర్ర పట్టుకుని వెళ్లి ఇచ్చి వచ్చాడు.